షిబుసావా ఎయీచీ కోసం ఒక్క రోజు: టోక్యోనా, ఫుకాయానా?
వచ్చే నెల ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నాను. ఒక్క ఆదివారమే ఖాళీ. 10,000 యెన్ల కొత్త నోటు మీదున్న జపాన్ వ్యాపారవేత్త షిబుసావా ఎయీచీ అంటే నాకు చాలా గౌరవం. నీలిమందు చేసే రైతు కుటుంబంలో 1840లో పుట్టారు. కుర్రవాడిగానే ఊళ్లు తిరిగి, ఆకు చేత్తో పట్టుకుని "ఇది సరిగ్గా ఆరలేదు, దీనికి ఎరువు చాల్లేదు" అని చెప్పేసేవారట! 1867లో పారిస్ వెళ్లి, తిరిగొచ్చాక 1873లో ఆర్థిక శాఖ ఉద్యోగం వదిలేసి, జపాన్ మొదటి ఆధునిక బ్యాంకును నిలబెట్టారు. సుమారు 500 కంపెనీలకు అండగా నిలిచినా, మిత్సుబిషి వాళ్లలా కుటుంబ సామ్రాజ్యం కట్టుకోలేదు. ఎందుకన్నదే నాకు తెలుసుకోవాలనుంది. టోక్యోలో ఆసుకయామా పార్కులోని ఆయన మ్యూజియానికి వెళ్లనా, పుట్టిన ఊరు ఫుకాయాకా? ఇంగ్లీషు వివరాలు ఎక్కడ నయం? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.