లీజు బ్రోకర్‌కి సోషల్ నంబర్, లైసెన్స్ ఫోటో వాట్సాప్‌లో పంపాలా, వద్దా?

ఎడిసన్_వాసి
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఆవిడ కోసం చిన్న ఎస్‌యూవీ ఒకటి 36 నెలల లీజుకి తీసుకుందామని చూస్తున్నాం. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన బ్రోకర్ నంబర్ ఇచ్చారు. రేటు బాగానే చెప్పాడు. నేను డీలర్ల చుట్టూ తిరిగి తెచ్చుకున్న కొటేషన్ కంటే నెలకి 40 డాలర్లు తక్కువ, ఆయన ఫీజు 500. ఇంతవరకు పేచీ లేదు.

ఆ తర్వాత "డీల్ లాక్ చెయ్యాలంటే ప్యాకెట్ పంపండి" అని మెసేజ్ పెట్టాడు. ఆ ప్యాకెట్‌లో ఏముండాలో చూడండి: లైసెన్స్ రెండు వైపులా ఫోటో, సోషల్ నంబర్ (సోషల్ సెక్యూరిటీ నంబర్, అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), పుట్టిన తేదీ, రెండు పే స్టబ్‌లు (జీతం చీటీలు), ఇన్సూరెన్స్ కార్డు, వీసా కాపీ, ఒక పేజీ క్రెడిట్ అప్లికేషన్ సంతకం చేసి. అన్నీ వాట్సాప్‌లోనే. కారు ఏ డీలర్ దగ్గరుందో మాత్రం ఇంకా చెప్పలేదు.

బ్రోకర్ వల్ల లాభం ఉందని ఒప్పుకుంటాను. కానీ నాకు అప్పిచ్చేది బ్యాంకు, కారిచ్చేది డీలరు. మధ్యలో ఉన్న మనిషికి నా సోషల్ నంబర్ ఎందుకు? మీరేమంటారు?

ఫ్రిస్కో_నాన్న
మా ఇంట్లో కార్లన్నీ బ్రోకర్ల ద్వారానే వచ్చాయి, ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు. లీజంటే అప్పే కదండీ. సోషల్ నంబర్ లేకుండా క్రెడిట్ చూడరు, క్రెడిట్ చూడకుండా మనీ ఫ్యాక్టర్, అంటే లీజు మీద వడ్డీ రేటు, తేలదు. బ్రోకర్‌కి ఆ రేటు ఎలా వస్తుందంటే, డీలర్ దగ్గరి ఫ్లీట్ మేనేజర్‌తో ఆయనకున్న పరిచయం వల్ల. పూర్తి ఫైలు చేతిలో పెడితేనే అవతలివాడు కారు పక్కన పెడతాడు. సగం కాగితాలతో వెళ్తే ఆ కారు ఇంకొకళ్ళకి పోతుంది. డీలర్ పేరు ముందే చెబితే కస్టమర్ నేరుగా వెళ్ళిపోతాడు, పాపం ఆయన కష్టం గంగపాలు. ఆయన వైపు నుంచి కూడా ఆలోచించండి.

ఫ్రీమాంట్_శ్రీ
ఫ్రిస్కో నాన్న గారూ, సోషల్ నంబర్ ఇవ్వాల్సిందే, అందులో వాదన లేదు. ఎవరికి, ఎప్పుడు, ఏ దారిలో అన్నదే ప్రశ్న.

కొటేషన్ కోసం బ్రోకర్‌కి కావలసినవి: జిప్ కోడ్, ఎందుకంటే పన్నూ ఇన్సెంటివ్‌లూ దాన్ని బట్టే ఉంటాయి. ఏ మోడల్, ఏ ట్రిమ్, ఏడాదికి 10,000 మైళ్ళా 12,000 మైళ్ళా. క్రెడిట్ స్కోరు ఏ రేంజ్‌లో ఉంది. ఇంతే. 750 దాటిందో లేదో మీరు నోటితో చెబితే చాలు, లెక్క వేసేస్తాడు. అది అబద్ధమైతే బ్యాంకు దగ్గర ఎలాగూ బయటపడుతుంది.

ఇక వాట్సాప్ సంగతి. దారిలో మెసేజ్ ఎన్‌క్రిప్ట్ అవుతుంది, నిజమే. చేరిన తర్వాతే సమస్య. మీ లైసెన్స్ ఫోటో ఆయన ఫోన్ గ్యాలరీలో పడుతుంది, అక్కడినుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్తుంది, ఆ అకౌంట్ ఇంట్లోవాళ్ళ ట్యాబ్లెట్‌లో కూడా ఓపెన్ అయి ఉండొచ్చు. ఆయన మంచివాడే అనుకుందాం. ఫోన్ పోతే? పాస్‌వర్డ్ దొంగిలిస్తే? అదే ఫోన్‌లో మీలాంటివాళ్ళవి ఇంకా ఎన్ని ప్యాకెట్లు ఉంటాయో ఆలోచించండి.

ఫ్రిస్కో_నాన్న
డీలర్ దగ్గర మాత్రం భద్రమా? 2024 జూన్‌లో సీడీకే గ్లోబల్ మీద సైబర్ దాడి జరిగితే దాని సాఫ్ట్‌వేర్ వాడే 15,000 దాకా డీలర్‌షిప్‌లు రోజుల తరబడి కాగితం, పెన్నుతో పనిచేశాయి. 2017లో ఈక్విఫ్యాక్స్ అనే క్రెడిట్ బ్యూరో (మన అప్పుల చరిత్ర ఉంచే కంపెనీ) నుంచి 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. మనందరి నంబర్లు ఎప్పుడో బజారున పడ్డాయి. ఇప్పుడు పాపం ఒక చిన్న బ్రోకర్ మీద పడి ఏం లాభం? క్రెడిట్ ఫ్రీజ్ (మన పేరున కొత్త అప్పు కోసం ఎవరూ రిపోర్ట్ చూడకుండా బ్యూరోలో వేసే తాళం) పెట్టుకుంటే సరి.

ఫ్రీమాంట్_శ్రీ
నంబర్ పోయింది కాబట్టి మిగతావన్నీ కూడా ఇచ్చేద్దామంటే నేను ఒప్పుకోను. ఈక్విఫ్యాక్స్ నుంచి పోయినవాటిలో మీ ఈ నెల జీతం లేదు, ఇప్పటి యజమాని పేరు లేదు, కొన్ని వేలమందికి తప్ప లైసెన్స్ మీదున్న ఫోటో లేదు, మీ సంతకం లేదు. ఈ ప్యాకెట్‌లో అవన్నీ ఒకేచోట, తాజాగా ఉన్నాయి. ఎవరైనా మీ పేరున అప్పు తీసుకోవాలంటే బ్యాంకు అడిగే ప్రతి ప్రశ్నకీ ఇందులోనే జవాబు దొరుకుతుంది.

చట్టం కూడా చూడండి. ఎఫ్‌టీసీ (అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే సంస్థ) సేఫ్‌గార్డ్స్ రూల్ కొత్త షరతులు 2023 జూన్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. కస్టమర్ వివరాలు ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి, లాగిన్‌కి మల్టీఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు) ఉండాలి, చివరిసారి వాడిన రెండేళ్ళలోపు చెరిపెయ్యాలి, కొన్ని మినహాయింపులున్నాయి. 2024 మే 13 నుంచి ఎన్‌క్రిప్ట్ చెయ్యని వివరాలు 500 మందివి గానీ అంతకంటే ఎక్కువమందివి గానీ పోతే 30 రోజుల్లోపు ఎఫ్‌టీసీకి చెప్పాలి. డీలర్లు దీని కిందికి వస్తారు. కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ కలిపే మధ్యవర్తులని కూడా ఈ రూల్‌లో చేర్చారు. కాకపోతే 5,000 మంది కంటే తక్కువ మంది వివరాలున్నవాళ్ళకి రాతపూర్వక రిస్క్ అంచనా లాంటి కొన్ని బాధ్యతలు తప్పుతాయి. ఎన్‌క్రిప్షన్ మాత్రం తప్పదు. ఫోన్ గ్యాలరీలో ఫోటోలు పెట్టుకునే బ్రోకర్ ఇవన్నీ పాటిస్తున్నాడని మీరు నమ్ముతారా?

ఇర్వింగ్_లక్ష్మి
నా అనుభవం చెబుతాను, పేర్లు వద్దు. పోయిన ఏడాది ఒక బ్రోకర్‌కి ఇలాగే అన్నీ పంపాం. రెండు వారాల తర్వాత నేను పేరు కూడా వినని బ్యాంకు నుంచి "మీ దరఖాస్తు తిరస్కరించాం" అని ఉత్తరం వచ్చింది. క్రెడిట్ రిపోర్ట్ తీసి చూస్తే వేరే రాష్ట్రాల డీలర్ల పేర్లున్నాయి. ఎక్కడ వీలైతే అక్కడికి అప్లికేషన్ తోసేశాడన్నమాట.

స్కోరు గురించి నేను పెద్దగా బాధపడలేదు, కారు అప్పుకోసం దగ్గర దగ్గర రోజుల్లో చేసిన ఎంక్వైరీలని ఫైకో (క్రెడిట్ స్కోరు లెక్కవేసే కంపెనీ) ఒక్కటిగానే లెక్కేస్తుంది. నా బాధ వేరు. మా ఐ-797 (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే నోటీసు) కాపీ, మా వారి పాస్‌పోర్ట్ కాపీ ఇప్పుడు ఎంతమంది ఈమెయిళ్ళలో ఉన్నాయో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అడిగితే "డిలీట్ చేసేశానమ్మా" అన్నాడు. తను చేసి ఉండొచ్చు. తను పంపినవాళ్ళో?

ఫ్రిస్కో నాన్న గారికి ఒక మాట: మన టెక్సాస్‌లో లీజు కుదిర్చేవాళ్ళకి లీజ్ ఫెసిలిటేటర్ అని వేరే లైసెన్స్ ఉంది. కాలిఫోర్నియాలోనైతే డీలర్ లైసెన్స్, దాని మీద ఆటోబ్రోకర్ ఎండార్స్‌మెంట్ ఉండాలి. వాట్సాప్ గ్రూపులో నంబర్ ఇచ్చేవాళ్ళు "మన వాళ్ళే, మంచివాళ్ళు" అంటారు తప్ప లైసెన్స్ ఉందా అని ఒక్కరూ అడగరు. నేనూ అడగలేదు.

ఫైనాన్స్_డెస్క్
నేను ఒక డీలర్‌షిప్ ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తాను. లోపల జరిగేది చెబుతాను.

బ్రోకర్ పంపిన పీడీఎఫ్ మాకు ఈమెయిల్లో వస్తుంది. అందులోని వివరాలు మేం చూసి బ్యాంకులకి దరఖాస్తులు పంపే సిస్టమ్‌లైన రూట్‌వన్‌లోనో డీలర్‌ట్రాక్‌లోనో మళ్ళీ టైప్ చేస్తాం. అంటే మీ నంబర్ ఆయన ఫోన్‌లో, ఆయన ఈమెయిల్లో, మా ఈమెయిల్లో, చివరికి అసలు సిస్టమ్‌లో, ఇన్నిచోట్ల ఉంటుంది. అదే మీరు మా వెబ్‌సైట్‌లోని క్రెడిట్ అప్లికేషన్ నింపితే నేరుగా సిస్టమ్‌లోకే వస్తుంది. కామెంట్ గడిలో బ్రోకర్ పేరు, కారు స్టాక్ నంబర్ రాస్తే చాలు, ఆయన మాట్లాడిన రేటే నడుస్తుంది. ఆయన కమిషన్ ఎక్కడికీ పోదు. మా దగ్గర చాలా డీల్స్ ఇలాగే జరుగుతున్నాయి.

డీలర్ పేరు చెప్పని బ్రోకర్ దగ్గర చాలాసార్లు కారు ఇంకా ఖాయం కాలేదని అర్థం. మీ ప్యాకెట్ పట్టుకుని వెతకడం మొదలుపెడతాడు. లక్ష్మి గారికి జరిగింది అదే.

లైసెన్స్ మాత్రం మేం చూడాలి, గుర్తింపు మోసాలు పట్టుకోవడానికి రెడ్ ఫ్లాగ్స్ రూల్ ఉంది. కానీ డెలివరీ రోజు చూస్తే సరిపోతుంది. ముందే పంపాల్సివస్తే కాపీ మీద అడ్డంగా "ఫలానా డీలర్ లీజు కోసం మాత్రమే" అని తేదీతో రాసి పంపండి.

ఫ్రిస్కో_నాన్న
డెస్క్ గారు చెప్పింది బాగుంది, దీనికి నేను అడ్డు చెప్పను. కానీ అందరు డీలర్లూ మీలా ఉండరు. నెలాఖరున కార్ల కంపెనీ ఆఫర్ల ప్రోగ్రామ్ ముగిసే రోజు సాయంత్రం నేను వెబ్‌సైట్లో నింపుతాను, కామెంట్లో రాస్తాను అంటే ఆ ఫ్లీట్ మేనేజర్‌కి అంత ఓపిక ఉండదు. మరుసటి నెల రెసిడ్యువల్ (లీజు చివర కారుకి ఉంటుందని ముందే కట్టే విలువ) ఒక్క శాతం తగ్గినా 36 నెలలకీ కట్టేది మనమే. నలభై వేల డాలర్ల కారు మీద ఒక్క శాతమంటే 400 డాలర్లు. ఎన్నడో జరగొచ్చు, జరగకపోవచ్చు అనే మోసం కోసం చేతిలో ఉన్న లాభం వదులుకోమంటే నేను వదులుకోను. ఫ్రీజ్ ఉచితం, ఆన్‌లైన్‌లో అడిగితే గంటలో తీసేస్తారు. నాకది చాలు.

ఫ్రీమాంట్_శ్రీ
ఫ్రీజ్ తప్పకుండా పెట్టుకోవాలి, 2018 సెప్టెంబర్ నుంచి మూడు బ్యూరోల్లోనూ ఉచితమే. కానీ అది ఆపేది కొత్త అప్పుల్ని మాత్రమే. మీ పేరున ఎవరో ట్యాక్స్ రిటర్న్ వేసి రిఫండ్ కొట్టేస్తే ఫ్రీజ్ ఏం చెయ్యలేదు. దానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే ఆరంకెల ఐపీ పిన్ తీసుకోవాలి. ఇంట్లో ఐటిన్ (సోషల్ నంబర్ లేనివాళ్ళకి ఇచ్చే పన్ను నంబర్) ఉన్నవాళ్ళు కూడా తీసుకోవచ్చు.

400 డాలర్ల లెక్క సరైనదే, నేను కాదనను. అయితే అది ఆలస్యం వల్ల వచ్చే నష్టం. ప్యాకెట్ దాచుకున్నందువల్ల వచ్చేది కాదు. నెలాఖరు దాకా ఆగకుండా పదో తారీఖునే డీలర్ పేరు, స్టాక్ నంబర్ అడిగితే అంత హడావుడి ఉండదు.

ఎడిసన్_వాసి
అందరికీ ధన్యవాదాలు. బ్రోకర్‌తో మాట్లాడాను. ఫీజు మీకే ఇస్తానని ముందే మెయిల్‌లో రాసిస్తాను, డీలర్ పేరు చెప్పండి అన్నాను. మొదట కుదరదన్నాడు, సాయంత్రం ఫోన్ చేసి పేరూ స్టాక్ నంబరూ రెండూ ఇచ్చాడు. డీలర్‌కి ఫోన్ చేసి, కారు ఉందనీ రేటు అదేననీ నిర్ధారించుకున్నాను. వాళ్ళ బ్యాంకు ఏ బ్యూరో చూస్తుందో అడిగి, రేపు ఒక్క రోజుకి అక్కడ మాత్రమే ఫ్రీజ్ తీస్తున్నాను. అప్లికేషన్ వాళ్ళ సైట్‌లోనే నింపుతాను.

బ్రోకర్ ఇంకా పే స్టబ్‌లు మాత్రం అడుగుతున్నాడు. మా ఆఫీసు పే స్టబ్ మీద సోషల్ చివరి నాలుగంకెలు, జీతం పడే బ్యాంకు ఖాతా చివరి అంకెలు కూడా ఉంటాయి. డెస్క్ గారూ, ఇవి తప్పనిసరా?

ఫైనాన్స్_డెస్క్
కాదండీ. పే స్టబ్ బ్యాంకు స్టిప్ (అదనపు షరతు) పెడితేనే కావాలి, స్కోరు బాగుంటే చాలాసార్లు అడగనే అడగరు. ముందే పంపకండి. అడిగితే డీలర్ మీకు అప్‌లోడ్ లింక్ పంపుతారు, అక్కడే పెట్టండి. ఖాతా అంకెల మీద నల్ల గీత కొట్టినా పర్లేదు. పేరు, యజమాని, ఏడాది మొత్తం జీతం కనిపిస్తే బ్యాంకుకి చాలు.