సాధనకు వెల కట్టాక సంఘం మిగులుతుందా?

తెల్లకాగితం:
11 ఏళ్లపాటు ఒక చిన్న ధ్యాన బృందంలో ఉన్నాను. వారానికోసారి సాయంత్రం కలిసి కూర్చునేవాళ్లం. చాపలు పరిచేది ఒకరు, తాళంచెవి దగ్గర పెట్టుకునేది ఒకరు, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని బెరుకు పోగొట్టేది ఒకరు. గది అద్దె కోసం ఎవరికి తోచింది వాళ్లు డబ్బాలో వేసేవాళ్లు. తర్వాత బృందం ఒక సంస్థ నిర్వహణలోకి వెళ్లింది. నెల చందా, మూడు స్థాయుల కోర్సులు, హాజరు వేయడానికి యాప్ వచ్చాయి. గది బాగుపడింది. వచ్చిన బోధకులూ మంచివాళ్లే, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

మొదటి నుంచీ మాతో ఉన్న ఒకావిడ వరుసగా మూడు వారాలు రాలేదు. పాత రోజుల్లో అయితే రెండో వారానికే ఎవరో ఒకరు వాళ్లింటికి వెళ్లి తలుపు తట్టేవాళ్లు. ఈసారి ఎవరమూ వెళ్లలేదు, నాతో సహా. చూసుకోవడానికి సిబ్బంది ఉన్నారు కదా అనుకున్నాం. ఆవిడకు అందిందల్లా చందా గడువు ముగుస్తోందన్న సందేశం ఒక్కటే. భర్త పోయారని నెల దాటాక తెలిసింది మాకు.

ఆధ్యాత్మిక బోధకు ఫీజు తీసుకోవడం పాపమా అని నేను అడగట్లేదు. డబ్బు కట్టి నేర్చుకునేవాళ్లం అయ్యాక ఒకరికొకరం ఏమవుతాం? మీ అనుభవం, మీకు తెలిసిన చరిత్ర చెప్పండి.

లెక్కాపత్రం:
ఆవిడ సంగతి చదివి మనసు బాధపడింది. అయినా తప్పంతా ఫీజు మీద వేయడం సరికాదండీ. ఒక సాధన కేంద్రం పద్దులు ఆరేళ్లు చూశాను నేను. ఉచితం అన్నచోట కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఒక్క పెద్ద దాత మీద ఆధారపడిన కేంద్రంలో ఆ దాతకు నచ్చనిది బోధించడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. అందరూ కొద్దికొద్దిగా ఫీజు కట్టినప్పుడు బోధకుడు ఎవరి మొహం చూడక్కర్లేదు.

జపాన్ సంగతి చూడండి. 2015లో అక్కడ ఒక కంపెనీ అమెజాన్‌లో స్థిరమైన ధరకు బౌద్ధ పురోహితుణ్ణి పంపే సేవ మొదలుపెట్టింది. కర్మకాండకు ఇంటికే వస్తారు. దేశంలోని బౌద్ధ సమాఖ్య గట్టిగా అభ్యంతరం చెప్పింది: సంభావన అనేది దానం, దానానికి ధర ఉండదు అని. 2019లో అమెజాన్‌లో ఆ సేవ ఆగిపోయింది. మరి దాన్ని వాడుకున్నవాళ్ల కష్టం? నగరాలకు వలసపోయి, తాతల నాటి ఆలయంతో సంబంధం తెగిపోయిన కుటుంబాలవి. ఎంత ఇస్తే మర్యాదో తెలియదు, అడిగితే ఎవరూ చెప్పరు. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ తెలియకపోవడం పెద్ద భారం. ముందే చెప్పిన ధర వాళ్లను అవమానం నుంచి కాపాడింది.

తాళపత్రం:
ఈ తగాదా చాలా పాతది. బుద్ధుడి పరినిర్వాణం తర్వాత నూరేళ్లకు వైశాలిలో ఇదే జరిగిందని, భిక్షువుల నియమాలుండే వినయపిటకం చెబుతుంది. అక్కడి వజ్జి భిక్షువులు ఉపోసథం అనే వ్రతదినాన కంచు పాత్రలో నీళ్లు పోసి మధ్యలో పెట్టి, సంఘ అవసరాలకు నాణేలు వేయమని వచ్చిన గృహస్థులను అడిగేవారు. యశుడనే భిక్షువు అడ్డుపడ్డాడు. ఇవ్వవద్దని గృహస్థులతోనే చెప్పాడు. వాళ్లు వేశారు. తెల్లారాక పంపకాల్లో యశుడికీ ఒక వాటా తెచ్చారు, ఆయన వద్దన్నాడు. విశ్వాసంతో ఇచ్చినవాళ్లను కించపరిచావు, వెళ్లి క్షమాపణ అడుగు అని తోటి భిక్షువులు తీర్మానం చేశారు. ఆయన వెళ్లాడు. క్షమాపణకు బదులు, భిక్షువులు బంగారం వెండి స్వీకరించకూడదని బుద్ధుడు అన్న మాటను వాళ్లకు వివరించాడు. గృహస్థులు ఆయన పక్షానే నిలిచారు. చివరికి 700 మంది భిక్షువులు సమావేశమై వజ్జి భిక్షువుల పద్ధతులను తోసిపుచ్చారు. రెండో సంగీతి, అంటే రెండో బౌద్ధ మహాసభ అని మనం చెప్పుకునేది దీన్నే.

నాకు ఈ కథలో ముఖ్యం అనిపించేది భిక్షువుల నియమం కాదు, తీర్పు చెప్పినవాళ్లు. ఇచ్చేవాళ్లే, ఇవ్వడం ఎక్కడ ఆపాలో నిర్ణయించారు. కొనుగోలుదారుకు ఆ అధికారం ఉండదు. నచ్చకపోతే కొనడం మానేస్తాడు, అంతే.

క్రైస్తవంలో కూడా 451లో చాల్సిడన్‌లో జరిగిన చర్చి పెద్దల మహాసభ డబ్బు తీసుకుని పౌరోహిత్య దీక్ష ఇచ్చే బిషప్‌ను పదవి నుంచి తొలగించాలని నియమం పెట్టింది. నియమం పెట్టాల్సి వచ్చిందంటే ఆ పని అప్పటికే సాగుతోందన్నమాట. వెయ్యేళ్లు దాటాక కూడా పాపశిక్షను తగ్గించే పత్రాలు అమ్ముడయ్యాయి, 1517లో మార్టిన్ లూథర్ అనే జర్మన్ క్రైస్తవ సన్యాసి ఎదురుతిరిగాడు. అంచేత ఏదో స్వచ్ఛమైన గతం ఉండేదనీ, మన కాలంలోనే పాడైందనీ అనుకోవద్దు.

గడపదాటి:
చరిత్ర చెబుతున్నారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. 1930ల చివర్లో ఇంద్రాదేవి అనే ఐరోపా మహిళ మైసూరులో యోగ గురువు కృష్ణమాచార్య దగ్గర యోగం నేర్చుకోవాలని వెళితే ఆయన మొదట ఒప్పుకోలేదు. ఆడవాళ్లకు, విదేశీయులకు నేర్పనన్నారు. తర్వాత ఒప్పుకున్నారు. 1947లో ఆవిడ హాలీవుడ్‌లో స్టూడియో తెరిచింది. ఫీజు కట్టి నేర్చుకునే చోటు అది. ఏ గురుపరంపరా గడప దాటనివ్వని ఆడవాళ్లు ఆ తలుపులోంచి లోపలికి వెళ్లారు.

మీరందరూ సంఘం, సంఘం అంటున్నారు. ఆ సంఘం తలుపు ఎవరికి మూసి ఉండేదో కూడా చెప్పండి. ఫీజు కౌంటర్ దగ్గర పుట్టుక ఏమిటని అడగరు. నన్ను ఎవరూ అడగలేదు. అది చిన్న విషయం కాదు నాకు.

తాళపత్రం:
గడపదాటి గారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను. ఒక్క సవరణ మాత్రం: ఇంద్రాదేవికి మైసూరులో తలుపు తెరిచింది మహారాజు మాట, డబ్బు కాదు.

గడపదాటి:
నిజమే. కానీ ఆవిడ తర్వాత వచ్చినవాళ్లందరికీ మహారాజులు ఎక్కడ దొరుకుతారు?

తెల్లకాగితం:
మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. గడపదాటి గారి వాదన నన్ను కుదిపింది. అయితే తలుపు తెరుచుకున్నాక లోపల ఉన్నవాళ్లకు ఏమైందో కూడా చూడాలి.

మెక్సికోలో ఓహాకా కొండల్లో వావుట్లా అనే ఊరు. అక్కడ మరియా సబీనా అనే మసాటెక్ తెగ వైద్యురాలు రోగుల కోసం రాత్రిపూట, మత్తులో దర్శనాలు కలిగించే పుట్టగొడుగులతో క్రతువు చేసేది. 1955లో వాసన్ అనే అమెరికా బ్యాంకరు, కొడుకు క్షేమం తెలుసుకోవాలని చెప్పి ఆ క్రతువులో కూర్చున్నాడు. 1957లో అమెరికాలోని లైఫ్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆవిడ పేరు మార్చి, ఊరు దాచి రాశాడు. అయినా జనం కనుక్కున్నారు. 60లలో గుంపులుగా వచ్చిపడ్డారు. వాళ్లలో రోగులు లేరు, అనుభవం కావాలనుకున్నవాళ్లే. పోలీసులు వచ్చారు, ఊరివాళ్లు ఆవిణ్ణి నిందించారు, ఆవిడ ఇల్లు తగలబడింది. 1985లో పేదరాలిగానే చనిపోయింది. పరాయివాళ్లు వచ్చాక ఆ పుట్టగొడుగుల బలం పోయిందని చివరి రోజుల్లో చెప్పుకుంది.

బలం పోవడం అంటే ఏమిటో చాలాకాలం నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నాకు తోచేది ఇది. ఆ క్రతువు ఒక రోగికీ, ఆ రోగి ఇంటివాళ్లకూ, వైద్యురాలికీ మధ్య జరిగేది. తెల్లారాక కూడా వాళ్లు అదే ఊళ్లో ఉంటారు. నయం కాకపోతే మళ్లీ అదే గుమ్మంలోకి వస్తారు. ఆ బాధ్యత నుంచి ఆవిడ తప్పించుకోలేదు. అనుభవం కోసం వచ్చినవాడు మర్నాడు బస్సెక్కి వెళ్లిపోతాడు. పుట్టగొడుగు అదే, పాటా అదే. మిగతాది తెగిపోయింది.

ఇలా తెగిన చోట ప్రాణాలు కూడా పోతాయి. 2009 అక్టోబరులో అరిజోనాలోని సెడోనా దగ్గర జేమ్స్ రే అనే ప్రేరణాత్మక వక్త, అమెరికా ఆదివాసుల స్వేద క్రతువును, అంటే కాల్చిన రాళ్ల ఆవిరి నిండిన గుడారంలో చెమటోడుస్తూ కూర్చునే క్రతువును, తన శిబిరంలో నడిపించాడు. ఒక్కొక్కరి దగ్గర 9,000 డాలర్లకు పైగా తీసుకున్నాడు. అంతకు ముందు వాళ్లు 36 గంటలు అన్నపానీయాలు లేకుండా ఉన్నారు. ఆ వేడిలో ముగ్గురు చనిపోయారు. నిర్లక్ష్యంతో మరణాలకు కారకుడని 2011లో కోర్టు తేల్చింది. ఆదివాసుల్లో ఈ క్రతువు నడిపే అధికారం పెద్దల దగ్గర ఏళ్ల తరబడి ఉండి సంపాదించుకోవాల్సింది. అంత డబ్బు కట్టినవాళ్లకు మధ్యలో లేచి బయటికి రావడం ఎంత కష్టమై ఉంటుందో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

లెక్కాపత్రం:
సెడోనా ఉదంతం మీద నాకు వాదన లేదు. కానీ మరియా సబీనా విషయంలో వాసన్ ఏదీ అమ్మలేదు కదండీ? కుతూహలంతో రాశాడు. వచ్చినవాళ్లు కూడా మార్కెట్టును తిట్టుకునేవాళ్లే ఎక్కువ. అంటే అమ్మకం లేకుండా కూడా ఒక సంప్రదాయాన్ని తొక్కేయొచ్చు. అప్పుడు దోషం ధరదా, పరాయితనానిదా?

అసలైన వాణిజ్యీకరణ హాని నాకు వేరేచోట కనిపిస్తుంది, సొంతదారు పుట్టడంలో. అమ్మాలంటే ముందు అది తనదై ఉండాలి. అమెరికాలో యోగా నేర్పిన బిక్రమ్ చౌదరి 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాల వరుస మీద కాపీరైటు తనదన్నాడు. ఆయన దగ్గర నేర్చుకుని సొంతంగా బోధిస్తున్నవాళ్ల మీద దావా వేశాడు. 2015లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఆ వరుసకు కాపీరైటు వర్తించదని చెప్పింది. మన దేశం 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టిందీ ఇలాంటి హక్కుల దావాలను అడ్డుకోవడానికే. జీతం తీసుకునే బోధకుడితో నాకు పేచీ లేదు. కంచె వేసేవాడితోనే.

వంటింటిసేవ:
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరాల్లో చాలాసార్లు వంటింట్లో సేవ చేశాను కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు.

గోయెంకా గారు 1969లో మన దేశంలో మొదలుపెట్టిన ఈ శిబిరాల్లో భోజనానికి, బసకు, బోధకు రుసుము లేదు. ముఖ్యమైన నియమం ఇంకొకటుంది: శిబిరం పూర్తిచేయని మనిషి దగ్గర విరాళం తీసుకోరు. ముందు నువ్వు పొందు, తర్వాత నీ వెనక వచ్చేవాడి కోసం ఇవ్వు. నా అన్నం ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పెట్టింది అన్న ఎరుక ఆ పదిరోజులూ ఉంటుంది. ఫీజు కట్టి ఉంటే పప్పులో ఉప్పు తక్కువైందని నేనూ ఫిర్యాదు చేసేదాన్నేమో. అక్కడ నోట మాట రాలేదు. మరుసటేడు వెళ్లి ఆ పప్పు నేనే వండాను.

తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లదీ ఇదే దారి. 1935లో పుట్టిన ఆ సంఘానికి అమెరికా కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ పెద్ద మొత్తం ఇవ్వగలిగీ, డబ్బు మిమ్మల్ని పాడుచేస్తుందని కొద్దిగానే ఇచ్చాడు. తర్వాత బయటి విరాళాలు తీసుకోకూడదని వాళ్లే నియమం చేసుకున్నారు. సమావేశంలో డబ్బా తిప్పి అద్దె కట్టుకుంటారు. అయితే లెక్కాపత్రం గారు అడిగేలోపు నేనే చెబుతాను: వాళ్లూ పుస్తకాలు అమ్ముతారు, ఆ ఆదాయం కేంద్ర కార్యాలయానికి ఎంతో ఆసరా. కాగితానికి ధర ఉంది. పక్కన కూర్చుని అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషికి మాత్రం ధర పెట్టలేదు.

గడపదాటి:
వంటింటిసేవ గారూ, మీ మాట మనసుకు తాకింది. కానీ ఒకటి అడగనివ్వండి. సేవ ఎవరు చేస్తారు? నేను చూసిన ప్రతి ఉచిత బృందంలోనూ ఆ నలుగురైదుగురు ఆడవాళ్లే, ఏళ్ల తరబడి. ఇంట్లో వండి, అక్కడికొచ్చి మళ్లీ వండి. వాళ్లు ధ్యానంలో కూర్చున్నది తక్కువ. ఒకావిడ నాతో అన్న మాట మరిచిపోలేను, ‘ఫీజు పెట్టాక మొదటిసారి కళ్లు మూసుకుని కూర్చున్నాను’ అని. తెల్లకాగితం గారూ, మీ బృందంలో ఆ తలుపు తట్టే మనిషి ఎవరు? ప్రతిసారీ ఒకరేనా?

తెల్లకాగితం:
ప్రతిసారీ ఒకరే. మీరు అడిగాకే గుర్తించాను. తలుపు తట్టేది ఆవిడే, భర్త పోయిన ఆవిడే. మా అందరి ఇళ్లకూ వచ్చింది. ఆవిడ రానప్పుడు వెళ్లే మనిషి లేకపోయింది. 11 ఏళ్లు ఒక్క మనిషి మోసిన పనిని సంఘం అని పిలిచాను నేను. అది ఫీజుతో పోలేదు, ఫీజు వచ్చిన రోజున బయటపడిందేమో. రాయడానికి కష్టంగా ఉంది.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. మళ్లీ రమ్మని నేను అడగలేదు, వస్తానని ఆవిడా అనలేదు. లేవబోతుంటే, గురువారం సాయంత్రం ఇక్కడే కూర్చుందామా అంది. ఇప్పటికి మూడు వారాలైంది, ఐదుగురం అయ్యాం. చాపలు తీసేది, వేసేది వంతులవారీగా రాసుకున్నాం, ఆవిడ పేరు తప్పించి. వచ్చే నెల నుంచి గది తీసుకోక తప్పదు. లెక్కాపత్రం గారూ, డబ్బాలో పడినది పడినట్టు అందరికీ కనిపించేలా పద్దు ఎలా రాయాలో కాస్త చెప్పగలరా?

లెక్కాపత్రం:
తప్పకుండానండీ. ఒక పుస్తకం, రెండు సంతకాలు, నెలాఖరున గోడ మీద కాగితం. రేపు వివరంగా రాస్తాను.