నాస్‌ల ఫోల్డర్ ఎవరు తీసేసిన్రో లాగ్‌ల చూసుడెట్ల?

మిర్యాలగూడ_మిల్లాఫీస్:
రైస్ మిల్లు ఆఫీసుల సైనాలజీ నాస్ (అందరి ఫైళ్లు ఒక్కకాడ పెట్టే నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బా) ఉన్నది, దాని ఆపరేటింగ్ సిస్టమ్ డీఎస్ఎం 7. తొమ్మిది విండోస్ సిస్టమ్‌లు ఎస్ఎంబీ (విండోస్‌ల ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీద కలుస్తయి. పోయిన సీజన్ కాంటా చిట్టీల ఫోల్డర్ కనిపిస్తలేదు. నాస్ రికార్డులు చూపించే లాగ్ సెంటర్‌ల ఎవరు ఎప్పుడు లాగిన్ అయిన్రో వస్తుంది గాని, ఏ ఫైల్ ముట్టిన్రో లేదు. అందరికీ 'ఆఫీస్' అని ఒక్కటే యూజర్. ఎట్ల పట్టుకోవాలె?

పాలమూరు_సర్వర్:
ముందుగాల ఫోల్డర్ సంగతి చూడన్నా. మౌస్ జారి పక్క ఫోల్డర్‌ల పడుడే ఎక్కువ, షేర్ (నాస్‌ల అందరూ వాడే పెద్ద ఫోల్డర్) మొత్తం పేరుతో వెతుకు. లేకపోతే హ్యాష్ గుర్తుతో ఉండే రీసైకిల్ ఫోల్డర్ అడ్మిన్ లాగిన్‌తోని తెరువు. ఆ షేర్‌కు రీసైకిల్ బిన్ ఆన్ చేసి ఉంటేనే అది ఉంటది.

ఇగ లాగ్. ఏ ఫైల్‌ను ఎవరు ఏం చేసిన్రో రాసే ఎస్ఎంబీ ట్రాన్స్‌ఫర్ లాగ్ మనం ఆన్ చేస్తేనే రాస్తది, అయిపోయినదానికి పనికిరాదు. కంట్రోల్ ప్యానెల్, ఫైల్ సర్వీసెస్, ఎస్ఎంబీ ట్యాబ్‌ల 'ఎనేబుల్ ట్రాన్స్‌ఫర్ లాగ్' టిక్ పెట్టి, పక్కనున్న లాగ్ సెట్టింగ్స్‌ల డిలీట్, రీనేమ్, మూవ్, రైట్ తీసుకో. రీడ్ మాత్రం వద్దు. యాంటీవైరస్ స్కాన్ చేసినా, విండోస్ ఫొటోల ప్రివ్యూ చూపించినా రీడే పడ్తది, అసలు లైను ఆ గుంపుల కలిసిపోతది.

'ఆఫీస్' యూజర్ ఉన్నన్ని రోజులు ఎంత లాగ్ తీసినా దండగే. మనిషికొక లాగిన్ చెయ్. మార్చినంక విండోస్ పాత లాగినే పట్టుకొని 1219 ఎర్రర్ (ఒకే సర్వర్‌కు రెండు యూజర్ పేర్లతోని కలవొద్దని) ఇస్తే, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌ల నాస్ ఎంట్రీ తీసేసి సిస్టమ్ రీస్టార్ట్ చెయ్యాలె.

నల్లగొండ_నెట్‌వర్క్:
లాగ్‌ల డిలీట్ అని కనిపించంగనే ఎవర్నీ నిలదీయకున్రి. ఎక్సెల్‌ల సేవ్ కొడితే, ముందు ఎనిమిది అక్షరాల వింత పేరుతోని కొత్త ఫైల్ రాస్తది, పాతదాని పేరు మారుస్తది, కొత్తదానికి అసలు పేరు పెడ్తది, ఆఖరికి పాతది తీసేస్తది. ఒకే ఐపీ (నెట్‌వర్క్‌ల సిస్టమ్ నంబర్) నుంచి ఒకటి రెండు సెకన్లల్ల రైట్, రీనేమ్, డిలీట్ వరుసగ పడితే అది సేవ్. ఒక్క ఫోల్డర్ కింద వరుసగ డిలీట్లే ఉంటే, రైట్ లేకుంటే, అప్పుడు అనుమానించాలె.

ఇప్పుడున్న కనెక్షన్ లాగ్‌ల ఐపీ ఉంటది, కాని రౌటర్ డీహెచ్‌సీపీతోని (తనంతట తానే ఐపీ పంచే పద్ధతి) ఇచ్చిన ఐపీ రేపు ఇంకో సిస్టమ్‌కు పోవచ్చు. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబర్) మీద తొమ్మిదింటికీ రిజర్వేషన్ పెట్టున్రి, అప్పుడు ఏ సిస్టమ్ ఐపీ దానికే ఉంటది. టైమ్ సుత చూడున్రి: రీజనల్ ఆప్షన్స్‌ల ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకునుడు) పెట్టకుంటే నాస్ గడియారం మెల్లగ జరుగుతది, సీసీ కెమెరా టైముతోని కలవది.

మిర్యాలగూడ_మిల్లాఫీస్:
అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరికి తెలుసు. వాళ్లే లాగ్ తుడిచేస్తే?

పాలమూరు_సర్వర్:
తుడవొచ్చు, లాగ్ సెంటర్‌లనే క్లియర్ బటన్ ఉంటది. అందుకే లాగ్ సెండింగ్‌ల ఇంకో లినక్స్ సిస్టమ్ ఐపీ ఇచ్చి, దాంట్ల లాగ్‌లు అందుకునే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్‌కు 514 పోర్ట్ మీద పంపు. పంపే పద్ధతులు రెండు: యూడీపీ (చేరిందో లేదో చూడదు), టీసీపీ (చేరిందో లేదో చూస్తది). యూడీపీ పెడితే అవతలి సిస్టమ్ ఆగినప్పుడు లైన్లు చప్పుడు లేక పోతయి, టీసీపీ తీసుకో. ఆ సిస్టమ్ పాస్‌వర్డ్ ఆ ఇద్దరికీ ఇయ్యకు.

ఇంకొకటి. బ్రౌజర్‌ల ఫైల్ స్టేషన్ (నాస్ సొంత ఫైల్ మేనేజర్) తెరిచి తీసేస్తే ఎస్ఎంబీ లాగ్‌కు రాదు. ఫైల్ స్టేషన్ సెట్టింగ్స్‌ల దాని లాగ్ విడిగ ఆన్ చెయ్యాలె.