ట్రావెల్ ట్రైలర్ టైర్లు: ట్రెడ్డు బాగానే ఉంది, ఎల్లోస్టోన్ దాకా లాగొచ్చా?

ప్లేనో_బండి:
జులైలో ప్లేనో నుంచి అమరిల్లో, డెన్వర్ మీదుగా ఎల్లోస్టోన్ వెళ్తున్నాం. సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్. 3500 పౌండ్ల యాక్సిళ్లు రెండు, జీవీడబ్ల్యూఆర్ (సామానుతో సహా ట్రైలర్ గరిష్ఠ బరువు) 7000 పౌండ్లు. టైర్లు ఎస్‌టీ205/75ఆర్14 (ఎస్‌టీ అంటే ట్రైలర్లకే చేసినవి), లోడ్ రేంజ్ (టైరు మోయగల బరువు శ్రేణి) సీ. ట్రెడ్డు కొత్తదానిలాగే ఉంది గానీ పక్కగోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. టైరు పక్కన ముద్రించిన డాట్ కోడ్ చివర 2219 అని ఉంది. మార్చాలా? మారిస్తే లోడ్ రేంజ్ డీ వేయొచ్చా? బయల్దేరే ముందు ఏమేం చూసుకోవాలి?

టార్క్_రెంచ్:
మార్చేయండి, ఇందులో ఆలోచించేదేం లేదు. 2219 అంటే 2019లో 22వ వారం తయారీ. ట్రైలర్ టైరు అరిగి పోవడం తక్కువ, ముదిరి పోవడమే ఎక్కువ. ఏడాదిలో చాలా నెలలు ఎండలో కదలకుండా నిలబడే బండి. రబ్బరు గట్టిపడి లోపలి స్టీలు బెల్టుల దగ్గర పట్టు సడలుతుంది. హైవే మీద వేడెక్కాక ట్రెడ్డు ఊడి, చక్రం పైనున్న ఫ్లోరునూ కింది వైర్లనూ చీల్చేస్తుంది. 3 నుంచి 5 ఏళ్లకు మార్చడం మంచిది, ఆరు దాటితే అసలు లాగొద్దు. స్టెప్నీకీ ఇదే లెక్క. పాతవాటిలో బాగున్నదాన్ని స్టెప్నీగా దాచుకుందామనే ఆశ పెట్టుకోకండి. తేదీ ఉన్న పూర్తి కోడ్ టైరుకి ఒకవైపే ఉంటుంది కాబట్టి కొత్తవి బిగించకముందే చదువుకోండి.

డీ వేయొచ్చు. సీ టైరు 50 పీఎస్‌ఐ దగ్గర 1760 పౌండ్లు మోస్తుంది, నాలుగూ కలిపి 7040. హిచ్ (లాగే బండికి తగిలించే కొక్కెం) మీద 12 శాతం, అంటే 840 పోతే యాక్సిళ్ల మీద 6160, టైరుకి 1540. చాలినట్టే ఉంటుంది గానీ బరువు నాలుగింటి మీదా సమానంగా పడదు. స్లైడ్‌అవుటో (బయటికి జరిగే గది భాగం) వంటగదో ఉన్న వైపు టైర్లకు ఆ మిగులు కాస్తా ఉండదు. డీ అయితే 65 పీఎస్‌ఐ దగ్గర 2040. అయితే రిమ్ము వెనక ముద్రించిన గరిష్ఠ ప్రెషర్, లోడ్ చూడకుండా కొనొద్దు. మామూలు రబ్బరు వాల్వు టీఆర్413 హద్దు 65 పీఎస్‌ఐ, కాబట్టి నట్టుతో బిగించే మెటల్ వాల్వులు వేయించండి. టైరు మారితే యాక్సిల్ సామర్థ్యం పెరగదు, అది 3500 దగ్గరే ఉంటుంది.

హ్యూస్టన్_లత:
బిగించే సంగతి నేను చెప్తానండీ. ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే ఉంచి, అవతలి వైపు చక్రాలకు చాక్‌లు (దొర్లకుండా ఆపే దిమ్మలు) పెట్టండి. నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. జాకీ ఫ్రేము కింద పెట్టాలి. యాక్సిల్ గొట్టం కింద పెడితే అది వంగి, అలైన్‌మెంటు పోయి కొత్త టైరు ఒకవైపే అరిగిపోతుంది. చక్రం విప్పినప్పుడు హబ్‌ని చేత్తో తిప్పండి. గరగర శబ్దం వచ్చినా, ఊపితే వదులుగా కదిలినా బేరింగు చూడాల్సిందే. గ్రీజు ఎలాగూ 12 నెలలకో 12,000 మైళ్లకో మార్చాలి.

అర అంగుళం స్టడ్లయితే నట్లు నక్షత్రం వరసలో (ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది) మూడు విడతలు: ముందు 20-25, తర్వాత 50-60, చివరికి 90-120 ఫుట్ పౌండ్లు. స్టడ్లకు నూనె పూయొద్దు. 10, 25, 50 మైళ్ల దగ్గర ఆపి మళ్లీ టార్క్ (నట్టు బిగింపు) చూడాలి. కొత్తగా బిగించిన చక్రం ఊడిపోయేది చాలావరకు ఇక్కడ బద్ధకించినందుకే.

ప్లేనో_బండి:
థాంక్సండీ. కారు టైర్లు చవగ్గా వస్తాయి, అవి వేస్తే? గాలి 65 ఎప్పుడు చూడాలి, ఎల్లోస్టోన్‌లో పొద్దున చలిగా ఉంటుంది కదా?

టార్క్_రెంచ్:
కారు టైరుని ట్రైలర్‌కి వేస్తే దాని మీద రాసిన లోడ్‌ని 1.1తో భాగించాలి. పైగా పక్కగోడ మెత్తన, మలుపుల్లో ట్రైలర్ ఊగుతుంది. జంట యాక్సిళ్ల మీద బిగుతుగా తిప్పినప్పుడు టైర్లు పక్కకి ఈడ్చుకుపోతాయి, దానికి తట్టుకునేలా చేసినవే ఎస్‌టీలు.

గాలి ఎప్పుడూ పొద్దున్నే, కదలకముందు, ఎండ తగలకముందు చూడాలి. మధ్యాహ్నం ఆగినప్పుడు పెరిగి కనిపిస్తే తీసేయొద్దు, అది వేడికి పెరిగిన ప్రెషరే. 65 దగ్గర 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. ఎత్తుకి వెళ్తే గేజి కొంత పెంచి చూపిస్తుంది. కాగితం మీద లెక్కలు కట్టకుండా రోజూ గేజి పెట్టండి. గాలి తక్కువుంటే పక్కగోడ ఎక్కువ వంగి వేడెక్కుతుంది, టైర్లు పేలేది ఎక్కువగా దానివల్లే. జంటలో ఒకటి పేలితే అదే వైపు రెండోది కాసేపు రెండింటి బరువూ మోసినట్టే, దాన్నీ మార్చండి.

పక్కగోడ మీద స్పీడ్ అక్షరం లేని ఎస్‌టీ టైరుకి గంటకు 65 మైళ్లే హద్దు. ఎల్ ఉంటే 75, ఎమ్ ఉంటే 81. వయోమింగ్‌లో బోర్డు 80 అంటే అది మీ టైరుకి కాదు.

హ్యూస్టన్_లత:
ఒక చవకైన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టుకోండి. పెట్రోలుకి ఆగినప్పుడల్లా నాలుగు హబ్‌లూ, నాలుగు టైర్లూ చూడండి. ఎండవైపు కాస్త ఎక్కువే ఉంటుంది. కానీ ఒకే వైపు రెండింటిలో ఒక హబ్ మాత్రమే బాగా వేడిగా ఉంటే బేరింగో, బ్రేకు పట్టేయడమో. టైరు వేడిగా ఉంటే గాలి తగ్గుతున్నట్టు. నీళ్లు, సామాను నింపాక దారిలో ట్రక్ స్టాపు క్యాట్ స్కేలు మీద ఒకసారి తూకం వేయండి. స్టెప్నీ గాలి కూడా 65 చూసి పెట్టండి, లాగే బండి జాకీ ట్రైలర్ ఫ్రేముకి అందుతుందో లేదో ఇంటి దగ్గరే ఎత్తి చూసుకోండి.