మే నెలలో స్లాబ్, ముఠా సగమే దొరికింది

ప్రశ్న: పోరంకిలో 1,200 చదరపు అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం, ఎం20 గ్రేడు కాంక్రీటు. మనుషుల్లేరు. "నీళ్లు కాస్త జోరుగా పోస్తే పని లాగించేస్తాం" అంటున్నాడు మేస్త్రీ. సరేననొచ్చా?

జవాబు 1: అస్సలు వద్దండి. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎం20 నామినల్ మిక్స్‌లో (నిర్ణీత పాళ్లలో కలిపేది) 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్ల నీళ్లే గరిష్ఠం. ఇసుకలో తడి కూడా ఆ లెక్కలోదే. ఎక్కువైన నీరు ఆవిరై సన్నటి రంధ్రాలు మిగులుస్తుంది. బలం తగ్గుతుంది, వర్షాకాలంలో ఉరుస్తుంది. పల్చన కావాలంటే ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే కాంక్రీటుని జారుగా చేసే మందు) కలపమనండి.

జవాబు 2: మనుషులే కరువైతే రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు), పంపు చూడండి. స్లాబ్‌కి సుమారు 14 ఘనపు మీటర్లు, బీములు వేరే. సాయంత్రం మొదలెట్టండి. బండి దగ్గర ఒకరు కాపలా ఉండాల్సిందే, లేకపోతే పల్చన చేద్దామని డ్రమ్ములో నీళ్ల పైపు పెట్టేస్తారు! వైబ్రేటర్ (కాంక్రీటుని కుదించే మిషను) ఇంకోటి సిద్ధంగా ఉంచండి. మధ్యలో ఆగితే కోల్డ్ జాయింటే, పాత కాంక్రీటుకి కొత్తది సరిగా అతకదు.

జవాబు 1: క్యూరింగ్ (కాంక్రీటుని తడిగా ఉంచడం) మరిచారు. పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన) సిమెంటైతే, పైగా ఈ ఎండ: 14 రోజులు మడులు కట్టి నీళ్లు నిలపండి. పగుళ్లు మొదటి గంటల్లోనే వస్తాయి, ఫినిషింగ్ కాగానే తడి గోనెలు కప్పాలి.

జవాబు 3: ముఠాకి నీడ, ఓఆర్ఎస్ కూడా చూడండి. మిట్టమధ్యాహ్నం రాడ్డు పని పెడితే రేపు ఆ సగం మందీ రారు.