అప్‌డేట్: పాటల బృందంలో తగవులు, దీర్ఘశాంతము

మా సంఘం పాటల బృందంలో ఎప్పుడూ తగవులేనని, ఆత్మ ఫలంలోని (పరిశుద్ధాత్మ మనలో పుట్టించే మంచి గుణాల్లోని) దీర్ఘశాంతము, అంటే ఓర్పు, ఎలా అలవడుతుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన గలతీ పత్రిక 5వ అధ్యాయాన్ని, ఆత్మ ఫలం గురించి చెప్పే 22వ వచనం నుంచి కాక 13 నుంచి చదవమని ఒకరు సలహా ఇచ్చారు. బృందమంతా కలిసి చదివాం. ఒకరినొకరు కరచుకోవద్దని 15వ వచనంలో పౌలు చేసిన హెచ్చరిక వినగానే కీబోర్డు వాయించే అన్న పగలబడి నవ్వాడు. అదే అధ్యాయంలో ఉన్న శరీరకార్యాల (పాప స్వభావం చేయించే పనుల) జాబితాలో జారత్వం, విగ్రహారాధనలతో పాటే కలహం, మత్సరం, క్రోధం, భేదాలు కూడా ఉన్నాయి. మన ప్రసంగాల్లో మాత్రం మొదటివాటికే ఎక్కువ సమయం!

యోహాను సువార్త 15వ అధ్యాయం చదవమన్నవారికి కూడా వందనాలు. అందులో యేసు తానే ద్రాక్షావల్లినని, మనం తీగెలమని చెప్పాడు; తీగె ద్రాక్షావల్లిలో నిలిచి ఉంటేనే ఫలిస్తుంది కాబట్టి, ఇప్పుడు సాధనకు ముందు ప్రార్థన చేస్తున్నాం. సోలో ఎవరు పాడాలన్న పంచాయితీ ఇంకా తెగలేదు. మాటలు మానేసిన ఇద్దరు అక్కలు మాత్రం క్రిస్మస్ పాట కలిసి నేర్చుకుంటున్నారు.