ఫేడర్‌జే చుట్టూ నేలను మళ్లీ నీటికి వదలాలా?

నీటిగడ్డి: జర్మనీలో ఉల్మ్ వైపు ఉండేవాళ్లు బాడ్ బుఖావ్ ఊరు చూసే ఉంటారు. రెల్లు మధ్య కిలోమీటరున్నర చెక్క వంతెన, దాని చివర ఫేడర్‌జే సరస్సు. 1787లో ఒకసారి, 1808-09లో ఇంకోసారి పొలాల కోసం నీళ్లు దించేశారు. ఇప్పుడు మిగిలింది 1.4 చదరపు కిలోమీటర్లే. కాలువలు మూసి చుట్టూ ఉన్న పీట్ నేలను, అంటే నీటిలో పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల నేలను, తడపాల్సిందే అంటాను.

కైకలూరు కుర్రాడు: అది పక్క ఊళ్లు ఆలెస్‌హౌజెన్, ఓగెల్స్‌హౌజెన్ రైతుల గడ్డి నేల కూడా. తడిస్తే ట్రాక్టరు దిగబడుతుంది. కోత ఎలా?

నీటిగడ్డి: నీళ్లు దించాక వచ్చిన నేల పంటకే పనికిరాలేదు. గడ్డి కూడా ఎక్కువగా కొట్టంలో పశువుల కింద పరచడానికే. పైగా పీట్ ఆరితే కుళ్లి కుంగుతుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. జర్మనీ ఉద్గారాల్లో దాదాపు 7 శాతం ఇలా ఎండబెట్టిన నేలలదే.

కైకలూరు కుర్రాడు: కింద పరిచినా అది రైతు అవసరమేగా? పనికిరాలేదని ఎలా అంటారు?

రైలు ప్రయాణికుడు: అక్కడికెళ్తే బాడ్ బుఖావ్ మ్యూజియం మాత్రం చూడకుండా రావొద్దు. 2011లో యునెస్కో జాబితాకెక్కిన, చరిత్రకు ముందటి కాలపు స్తంభాల ఇళ్ల ఊళ్లలో కొన్ని ఇక్కడివే.

నీటిగడ్డి: ఆలెస్‌హౌజెన్‌లో దొరికిన చెక్క చక్రాలు దాదాపు 5000 ఏళ్లు నిలిచింది తడి నేల వల్లే. ఆరితే చెక్క పొడైపోతుంది. ఇంతకంటే ఏం కావాలి?

కైకలూరు కుర్రాడు: మీకు చక్రం కనిపిస్తుంది, మనిషి కనిపించడు! 2006లో కొల్లేరులో మా నాన్న చేపల చెరువు గట్టును ప్రొక్లెయిన్‌తో తవ్వేశారు. చెరువు పోయింది, అప్పు మిగిలింది. అప్పుడూ సరస్సును కాపాడటానికే అన్నారు.

నీటిగడ్డి: మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇక్కడ ఎవరి గట్టూ తవ్వలేదు. ప్రకృతి సంరక్షణ కోసం చాలా నేల డబ్బిచ్చి కొన్నారు.

కైకలూరు కుర్రాడు: కొన్నది ఒకరి పొలం. నీళ్లు హద్దురాయి చూసి ఆగుతాయా? పక్కవాడి గడ్డి కుళ్లితే ఎవరిస్తారు? నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే.

రైలు ప్రయాణికుడు: ఇది మాత్రం అసలు ప్రశ్న.

నీటిగడ్డి: అయితే ముందు పక్క పొలాల్లో నీటి మట్టం కొలవాలి, నష్టపరిహారం రాతలో ఉండాలి. ఆ తర్వాతే కాలువ మూయాలి. అలాగైతే ఒప్పుకుంటారా?

కైకలూరు కుర్రాడు: రాసి ఇచ్చేదెవరో తేలనివ్వండి. తేలితే కాలువ మూయడానికి నాకు అభ్యంతరం లేదు.